హెచ్చరిక - దాని సత్యాసత్యములు

ఆపద రానున్నదని ముందుగా చెప్పువాడు ఆప్తుడని మన పెద్దల మాట. అట్టివాని మాటను పెడచెవిని పెట్టినవాడు చెడుననియు వారే చెప్పిరి. కాని ఆపద లేనిచోట ఆపద కలదని చెప్పి, ఎదుటివాని భయమునే తన సంపాదనకు మార్గముగా చేసికొనువాడు బయలుదేరినపుడు గృహస్థుడేమి చేయవలయును? చెప్పిన ప్రతివానిని నమ్మినచో ఇల్లు గుల్లయగును. ఎవ్వరిని నమ్మననుకొన్నచో నిజమైన ఆపద వచ్చిననాడు దిక్కు లేకపోవును. ప్రశ్న పాతదే. అయినను ఇంటిలోని కంప్యూటరును, చేతిలోని ఫోనును దీనిని ప్రతిదినము మన ముందుంచుచున్నవి గనుక మరల విచారింపవలసి వచ్చినది.

టెక్కలికి పలాసకు నడుమనున్న నందిగాము ప్రాంతమువారికిని, ఉద్దానపు తీరగ్రామములవారికిని హెచ్చరిక యననేమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆశ్వయుజ కార్తికములు వచ్చినవన్న చాలు, చెవులు వార్తలవైపు నిలుచును. కళింగపట్నము రేవులో ఎన్నవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసిరో తెలిసికొని, దానినిబట్టి పడవలను ఒడ్డునకు లాగుటయా, ఇల్లు విడుచుటయా యని నిర్ణయించుకొనుట ఈ తీరమువారికి తరతరములుగా వచ్చిన విద్య. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపముననే తీరము దాటినది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో, ఒక్కొక్క విసురున 165 వరకును గాలి వీచినది. కొబ్బరితోటలు, జీడిమామిడితోటలు నేలకొరిగినవి. హెచ్చరిక ముందే అందుటచే తప్పించుకొన్నవారు కలరు. చెట్లకు నడచిపోవు కాళ్లు లేవు గదా!

ఆ తుపాను హెచ్చరిక స్వభావమును ఒక్కమారు గమనింపుడు. అది ఎచ్చట, ఎప్పుడు, ఎంత బలముతో అని చెప్పును. ఎవరు చెప్పుచున్నారో చెప్పును. రేడియోలో విన్న మాటనే రేవులోని సూచికయు, తహసీల్దారు కార్యాలయమును చెప్పును. ఒక చోట అనుమానము కలిగిన మరియొక చోట విచారించుకొనవచ్చును. చెప్పినవారికి దానివలన ఒక్క కాసు ముట్టదు. త్వరపడుమని అదికూడ చెప్పును. తొందరపెట్టునది యెల్ల మోసమని కొందరు చెప్పు సూత్రము నాకంత సరిగా తోచదు. సముద్రము పొంగివచ్చునపుడు నెమ్మదిగా బయలుదేరుడని చెప్పువాడు హితుడు కాడు. తొందర యేవైపునకు అన్నదే చూడవలసిన విషయము. తుపాను హెచ్చరిక మనలను పక్కా భవనమువైపునకు పొమ్మనును, తనవద్దకు రమ్మనదు.

ఇట్లు హెచ్చరికను మన్నించుట అలవడినవారి ఇంటికి కపటపు హెచ్చరిక వచ్చినపుడేమగును? ఉన్న సద్గుణమే దొంగకు నిచ్చెన యగును. అవివేకులే మోసపోవుదురని తలచుట అవివేకము. పెద్దల మాట వినువారు, అధికారులను గౌరవించువారు, అప్పు లేకుండ బ్రతుకవలెనని కోరువారు ముందుగా మోసపోవుచున్నారు.

కంప్యూటరులో ఈ కపటము జరుగు విధానమిది. ఒకడు ఏదో చదువుచు, లేక ఉచితముగా సినిమా చూపెదమను చోటికి పోయి (ఈ బెడద ఎక్కువగా అట్టి చోట్లనే పొంచియుండునని పిల్లలకు చెప్పవలసియున్నది) ఒకచోట నొక్కును. తెర అంతయు ఒక్కసారిగా ఎఱ్ఱగానో నీలముగానో మారును. మైక్రోసాఫ్ట్ గుర్తు కనబడును. సైరను మ్రోగును. 'మీ కంప్యూటరులో వైరస్ ప్రవేశించినది, బ్యాంకు వివరములు పోవుచున్నవి, యంత్రమును ఆపవద్దు, వెంటనే ఈ నంబరునకు ఫోను చేయుడు' అను అర్థమిచ్చు ఆంగ్ల వాక్యములు ఒక కంఠము చదువుచుండును. నంబరునకు ఫోను చేసినచో అవతల మిక్కిలి మర్యాదస్థుడు పలుకును. తన చేతికి మీ కంప్యూటరు నడుపు అధికారమును ఇచ్చు ఒక సాధనమును వేసికొనుమనును. యంత్రములో ఎల్లప్పుడు ఉండు సాధారణ విషయములనే చూపి ఇవియే వైరస్‌లనును. శుభ్రము చేయుటకు రుసుము కోరును. కొన్నిచోట్ల రుసుముతో ఆగక బ్యాంకు ఖాతానే ఊడ్చివేయుదురు.

ఇందులో తెలిసికొనవలసిన సంగతి యొక్కటి కలదు. ఇంటర్నెట్‌లో మనము తెరచిన పుట కిటికీకి అవతల నిలుచున్న బాటసారివంటిది. అది తన పుటపై ఏమైనను వ్రాసికొనగలదు. ఎవరి ముద్రనైనను వేసికొనగలదు. కిటికీని తెర నిండునట్లు పెద్దది చేసి, అదియే యంత్రమని భ్రమింపజేయగలదు. అంతేకాని మన కంప్యూటరు లోపలి దస్త్రములను వెదకి ఇందులో వైరస్ కలదని కనిపెట్టి చెప్పు శక్తి దానికి లేదు. వీథిలో పోవువాడు గుమ్మము దాటకయే, నీ పెట్టెలోని చీరలకు చెదలు పట్టినవని చెప్పుట యెట్టిదో ఇదియు నట్టిదే. తన హెచ్చరికలలో ఎన్నడును ఫోను నంబరు ఉండదని మైక్రోసాఫ్ట్ సంస్థ స్పష్టముగా ప్రకటించియున్నది. కావున తెరపై మైక్రోసాఫ్ట్ పేరును, దాని క్రింద ఫోను నంబరును కలిసి కనబడినచో అది కపటమని తీర్మానింపవచ్చును. ఎస్కేప్ మీటను కొంతసేపు నొక్కిపట్టినను, లేదా కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు మూడును కలిపి నొక్కి ఆ కిటికీని మూసినను అది పోవును. ఏదియు చేతకానిచో యంత్రమును ఆపివేసిన చాలును. ఆపవద్దని వాడు చెప్పినది మన మేలు కోరి కాదు.

ఫోనులో దీని రూపము వేరు. ఏదో ఒక పుట తెరచునపుడు, మీకు కబురులు పంపుటకు అనుమతింతురా యని అడుగును. అడ్డు తొలగుటకై 'అలవ్' అనుచోట నొక్కుదుము. నాటినుండి గంటకొకమారు 'మీ ఫోనులో పదమూడు వైరస్‌లు' అను కబురు వచ్చుచుండును. అది ఫోను చెప్పుచున్నది కాదు. మనమే పిలిచి అరుగుపై కూర్చుండబెట్టినవాడు అరచుచున్నాడు. క్రోమ్‌లోని నోటిఫికేషన్ల పట్టికలో ఆ పేరును తీసివేసినచో అరపు ఆగును.

ఈ మోసము చేయువారు ఎచ్చటనో విదేశములలో ఉన్నారనుకొనుటకును వీలులేదు. మైక్రోసాఫ్ట్ వారి ఫిర్యాదులపై 2018లో ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలోని పలు నకిలీ కాల్ సెంటర్లపై పోలీసులు దాడులు చేసిరి. 2023 అక్టోబరులో సి.బి.ఐ. వారు 'ఆపరేషన్ చక్ర-2' అను పేర దేశములో 76 చోట్ల సోదాలు జరిపిరి. 2025లో మన ఉత్తరాంధ్రలోనే, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురమున, అమెరికావారిని మోసగించు కాల్ సెంటర్ల గుట్టు బయటపడినది.

మారీచుని కేక ఈ సందర్భమున జ్ఞప్తికి రాకమానదు. బంగారులేడి రూపము మోసములో మొదటి భాగము మాత్రమే. ప్రాణము విడుచుచు రాముని కంఠమును అనుకరించి సీతను, లక్ష్మణుని పేర్లుపెట్టి పిలిచిన ఆ ఆర్తనాదము రెండవ భాగము. అది నిజమైన హెచ్చరికవలెనే వినబడినది; స్వరము సరిపోయినది, పేర్లు సరిపోయినవి. రాముని పరాక్రమమెరిగిన లక్ష్మణుడు ఇది రాక్షసమాయ యనెను. కాని భయగ్రస్తమైన మనస్సునకు శాంతముగా మాటాడువాడే శత్రువుగా తోచును. ఆమె ఆడరాని మాటలాడినది. లక్ష్మణుడు కదలినాడు. అటుపిమ్మట వచ్చినవాడు ఖడ్గముతో రాలేదు. కాషాయము ధరించి, కమండలువు పట్టి, క్షేమమడుగుచు వచ్చినాడు. తెరపై సైరను, ఫోనులో మర్యాదస్థుడు - ఈ రెండింటి క్రమము ఆనాటిదే.

అయితే మారీచుని గూర్చి మనము మరచునది యొకటి కలదు. ఆ నోటనే అంతకుముందు నిజమైన హెచ్చరికయు వెలువడినది. రాముని బాణపు దెబ్బకు తాను సముద్రములో పడిన సంగతి చెప్పి, ఈ పని తలపెట్టకుము, లంక నశించునని అతడు రావణునకు హితవు చెప్పెను. దానివలన అతనికి లాభమేమియు లేదు. పైగా చంపుదునను బెదరింపు దక్కినది. రావణుడు వినలేదు. ఒకే నోరు ఒకనాడు సత్యమును, మరియొకనాడు కపటమును పలికినది. కావున ఎవరి కంఠము వినబడుచున్నది, ఎవరి పేరు తెరపై కనబడుచున్నది అనుదానినిబట్టి నిర్ణయించుట చాలదు.

కపటమునకు భయపడి నిజమును కూడ త్రోసివేయుట రెండవ ప్రమాదము. 2023 జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలలలో దేశమందు అనేకుల ఫోనులు ఉన్నట్లుండి పెద్దధ్వనితో మ్రోగి, అత్యవసర హెచ్చరిక యను అక్షరములు చూపినవి. ఫోనును ఎవరో దొంగలు పట్టుకొనిరని కలవరపడినవారు కలరు. నిజమునకు అవి విపత్తుల వేళ ఒక ప్రాంతములోని ఫోనులన్నిటికి ఒక్కసారి కబురందించు పద్ధతిని కేంద్ర టెలికాం శాఖ పరీక్షించిన సందేశములు. ఇది పరీక్ష మాత్రమే, మీరు చేయవలసినదేమియు లేదని అందులోనే వ్రాసియున్నది. ఆ ఒక్క వాక్యమే దాని సత్యమునకు గుర్తు. నొక్కుమనలేదు, పిలువుమనలేదు. అట్టి ధ్వనిని మోసమనుకొని కట్టివేయుట అలవాటైనచో, మరియొక తిత్లీ వచ్చు రాత్రి నష్టపోవునది మనమే.

కంప్యూటరు విషయమునను అంతే. 'అప్‌డేట్ చేసికొనుడు' అను నిజమైన సూచనను విసుగుతో ప్రక్కకు నెట్టువారు పెక్కుమంది. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్‌లోని యొక లోపమునకు మరమ్మతును విడుదల చేసినది. రెండు నెలలు నిండకమునుపే, మే 12న, 'వన్నా క్రై' అను వైరస్ ఆ మరమ్మతు చేసికొనని యంత్రములను, మరమ్మతు అందని పాత యంత్రములను వెదకి ప్రపంచమంతట పట్టుకొన్నది. మన రాష్ట్రమున పోలీసు శాఖ కంప్యూటర్లకు సైతము, శ్రీకాకుళము జిల్లాతో సహా, ఆ పీడ సోకినది. అప్పుడు తెరపై వచ్చిన ఎఱ్ఱని కిటికీ అసత్యము చెప్పలేదు. నీ దస్త్రములు బంధింపబడినవి, 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్ ఇమ్మని అడిగినది. దస్త్రములు నిజముగనే బంధింపబడియున్నవి. ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపదగును. చెప్పిన మాట సత్యమా అనునది యొక ప్రశ్న, చెప్పినవాడు హితుడా అనునది వేరొక ప్రశ్న. రెండింటిని కలిపి యొకటే ప్రశ్నగా చేసికొనుటచే చిక్కు కలుగుచున్నది.

మరి పరీక్షించుట యెట్లు? ఒకమారు మోసపోయిన జానకియే అశోకవనమున మార్గము చూపినది.

హనుమంతుడు శింశుపావృక్షముపై కూర్చుండి చాలసేపు ఆలోచించెను. తటాలున ఎదుట పడినచో ఆమె బెదరును. పండితునివలె సంస్కృతము పలికినచో రావణుడే ఈ రూపున వచ్చెనని భయపడును. కావున సామాన్య మానవులు మాటాడు భాషలో, మెల్లగా, రామకథను చెప్ప మొదలిడెను. నిజమైన దూత ఎదుటివారిని భయపెట్టకుండుటకు ఇంత శ్రమపడినాడు! సైరను మ్రోగించువానికిని ఇతనికిని గల అంతరమును పాఠకులు గ్రహింపగలరు. అయినను సీతాదేవి వెంటనే నమ్మలేదు. జనస్థానమున సన్న్యాసి వేషమున వచ్చినవాడవు నీవే కావచ్చునని యనెను. రామలక్ష్మణుల రూపలక్షణములేవి, నరులకు వానరులకు పొత్తు ఎట్లు కుదిరినది చెప్పుమని తానే ప్రశ్నించెను. తనకు ముందే తెలిసినదానితో అతడు చెప్పినదానిని సరిచూచుకొనెను. అంగుళీయకము అటుపిమ్మట వచ్చినది. తిరిగి పంపునపుడు ఆమెయు చూడామణినిచ్చుటయే కాక, తామిరువురకే తెలిసిన కాకాసుర వృత్తాంతమును గుర్తుగా చెప్పి పంపినది. నేటివారు పాస్‌వర్డ్ అనుదానికి ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు కనబడలేదు.

వచ్చినవాడు చూపు గుర్తును బట్టి వానిని నమ్మరాదు. మనవద్ద ముందే యున్నదానితో సరిచూడవలయును. తెరపై వైరస్ కలదని వచ్చినచో, ఆ తెరలోని మీటను నొక్కక దానిని మూసి, స్టార్ట్ మీటనుండి విండోస్ సెక్యూరిటీని మనమే తెరచి చూడవలయును. నిజముగా ఆపద కలిగినచో అచ్చటను కనబడును. బ్యాంకునుండి కబురు వచ్చినచో, కబురులోని నంబరునకు కాక, పాసుపుస్తకముపై అచ్చయిన నంబరునకు ఫోను చేయవలయును. క్రోమ్ వంటి సాధనము తానే అడ్డుపడి, ముందున్నది మోసపు చోటని ఎఱ్ఱని పుట చూపుట కూడ కలదు. ఇది నిజమైన హెచ్చరికయే. సొమ్మడుగదు, ఫోను నంబరివ్వదు, వెనుకకు మరలుమని మాత్రమే చెప్పును.

యాత్రికులకు ప్రత్యేకముగా చెప్పవలసినది చిరునామా సంగతి. తిరుమల దర్శనము, వసతి గదులు ఇప్పింతుమను నకిలీ వెబ్‌సైట్లు పెక్కు బయలుదేరగా దేవస్థానమువారు పోలీసులకు ఫిర్యాదులు చేసియున్నారు. 2024 జనవరిలో దేవస్థానపు వెబ్‌సైటు పేరు 'టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' అని మారినది. ఇట్టి చిరునామాను చివరినుండి చదువవలయును. ఉత్తరముపై ముందు పేరు, పిమ్మట ఊరు, చివర జిల్లా వ్రాసినట్లే ఇందును చివరి భాగమే అది ఎవరి యేలుబడిలోనిదో చెప్పును. 'గవ్ డాట్ ఇన్' అను ముగింపు ప్రభుత్వ సంస్థలకే లభించును. ముందుభాగమున దేవస్థానము పేరెంత చక్కగా వ్రాసియున్నను, నడుమ అడ్డుగీతలతో గవ్ అనియు ఇన్ అనియు ఇరికించియున్నను, చివర వేరొకటి యున్నచో అది వేరొకరి ఇల్లు. ఇక తాళపుకప్ప గుర్తు. అది త్రోవలో మన మాట ఇతరులు వినకుండుటకు మాత్రమే హామీ. త్రోవ చివర కూర్చున్నవాడు దొరయో దొంగయో చెప్పదు. దొంగలును ఆ తాళమును సంపాదించుచున్నారు. జనులు దానిని పొరబడి అర్థము చేసికొనుచున్నారనియే గూగుల్ సంస్థ 2023లో క్రోమ్ నుండి ఆ గుర్తును తొలగించినది.

ఇట్లు ప్రశ్నించుట అవిశ్వాసము కాదా, ఎదుటివానిని అవమానించుట కాదా అని సాత్త్వికులైనవారు సంకోచింతురు. జానకి శంకించినపుడు హనుమంతుడు కోపించెనా? ఇన్ని యోజనముల సముద్రము దాటివచ్చిన నన్ను శంకింతువా యని నిష్ఠూరమాడెనా? అడిగినదానికెల్ల ఓపికతో సమాధానము చెప్పెను. నా దృష్టిలో అన్ని గుర్తులలోను ఇదియే ముఖ్యమైనది. నిజమైన హెచ్చరిక పరీక్షకు ఓర్చుకొనును. బ్యాంకు అధికారి నిజమైనవాడైనచో, 'సరే, శాఖకు వచ్చి విచారించుకొనుడు' అనును. కపటపు హెచ్చరిక పరీక్షను నిషేధించును. ఫోను పెట్టవద్దు, ఇంటివారికి చెప్పవద్దు, తలుపు వేసికొనుము అనును. 'డిజిటల్ అరెస్టు' అను పేర నడచుచున్న దుర్మార్గము సంపూర్ణముగా ఈ నిషేధముపైననే నిలిచియున్నది. పోలీసు దుస్తులలో ఒకడు వీడియోలో కనబడి, నీ పేర నేరము నమోదైనది, కదలరాదని గంటలకొలది బంధించి సొమ్ము రాబట్టును. అట్టి అరెస్టు మన చట్టములలో లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన 'మన్ కీ బాత్' ప్రసంగమున దేశమునకు చెప్పవలసి వచ్చినది.

ఉద్దానపు ఊళ్లలో ఎందరి ఇండ్లలోనో కుమారులు హైదరాబాదుననో, ముంబయిననో, గల్ఫు దేశములలోనో ఉన్నారు. ఇంటిలో వృద్ధులైన తల్లిదండ్రులు, వారి చేతిలో కొడుకు కొనియిచ్చిన ఫోను, ఆ ఫోనులోనే కొడుకు పంపిన సొమ్ము. 'నీ కొడుకునకు ఆపద' అను ఒక్క మాట చాలును, మారీచుని కేక పని చేయుటకు. రాత్రివేళ తల్లి ఫోను చేసి, 'బాబూ, ఇందులో ఏదో వచ్చింది, ఏంటో సూడు' అని అడిగినపుడు విసుగుకొను కుమారులను గూర్చి ఒక్క మాట చెప్పవలసియున్నది. ఒకమారు కసరినచో ఆమె మరల అడుగదు. మరుసటిసారి ఆమె మర్యాదగా మాటాడువానినే అడుగును. వాడు అవతల సిద్ధముగా నుండును.

సొమ్ము పోయినపిమ్మట సిగ్గుచే దాచుకొనుట మరియొక హాని. 1930 అను నంబరునకు వెంటనే ఫోను చేసినచో, సొమ్ము దొంగ ఖాతానుండి దాటిపోకముందే నిలుపుటకు అవకాశము కలదు. దాచిన ప్రతి గంటయు ఆ అవకాశమును తగ్గించును. తుపాను రోజులలో కంట్రోలు గది నంబరు వ్రాసికొను గోడమీదనే, ఫోను ఛార్జి పెట్టు చోటికి దగ్గరగా, ఈ నంబరును, పాసుపుస్తకముపైనున్న బ్యాంకు నంబరును, కొడుకు నంబరును అద్దములు లేకున్నను కనబడునంత పెద్ద అక్షరములతో వ్రాసియుంచవచ్చును.